నా కన్నంతా ఇప్పనూనె సీసా మీదే

నా చిన్నప్పుడు మా ఇంట్లో దీపం పెట్టాక ఎవరూ తల దువ్వకూడదు. ఎందుకని అడిగితే లక్ష్మి వెళ్లిపోతుందనేవారు. లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ, ఆ కట్టుబాటు పుణ్యమా అని ఒక చలికాలమంతా నేను కుళ్లి కుళ్లి చచ్చాను. అసూయ అని పుస్తకాల్లో రాస్తారు చూడండి, నాకు పుట్టింది అంత మర్యాదైనది కాదు. అచ్చమైన కుళ్లు. అరవై దాటాక ఇంకా దాచుకోవడం దేనికి, ఉన్నదున్నట్టు చెబుతాను.

మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సు దారికి కొంచెం లోపలగా, అడవి అంచున ఉండేది. మా ఇంటి ముందు ఎత్తైన అరుగు, అరుగు దిగడానికి మూడు రాతి మెట్లు. అమ్మా నాన్నా పొద్దున్నే మిరపచేనుకు పోతే మళ్లీ పొద్దు వాలాకే రావడం. అందుకని నా తల సంగతి మా నాయనమ్మ చూసేది. నేను బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఆమె పై మెట్టు మీద తయారుగా కూర్చునేది. పక్కన చెంబుతో నీళ్లు, నూనె సీసా, చెక్క దువ్వెన. నేను పోయి ఆమె మోకాళ్ల మధ్య కింది మెట్టు మీద కూర్చునేదాన్ని. నా జుట్టు పుట్టుకతోనే గరుకు. రెండు రోజులు పట్టించుకోకపోతే కొబ్బరి పీచులా లేచి నిలబడేది. దాన్ని లొంగదీయడానికి ఆమెకు గంట పట్టేది. ఆ గంట ఆమె ఇంటి పెద్దా కాదు, ఊరి పెద్దా కాదు. నా ఒక్కదాని నాయనమ్మ. అప్పటికి నాకు పదేళ్లు.

దసరా సెలవులు అయిపోయిన వారానికి మా మామయ్య తన కూతుర్ని తెచ్చి మా ఇంట్లో దించి పోయాడు. మామయ్య అంటే మా మేనత్త భర్త. కొత్తగూడెంలో బొగ్గు బాయిలో పనిచేసేవాడు. అత్తకు ఛాతీ జబ్బు చేసి ఖమ్మం దవాఖానాలో చేర్పించారు, నయం కావడానికి నెలలు పడుతుందన్నారు. ఆ పిల్ల నాకంటే రెండేళ్లు పెద్దది, నాకు వదిన వరస. చేతిలో ఒక గుడ్డ సంచి, వీపు మీద ఒక జడ. జడ అంటే మామూలు జడ కాదు. నడుము దాటి, నా చెయ్యంత లావున, నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతూ ఉండేది. అత్త దవాఖానాలో చేరేముందు ఒక్కటే మాట చెప్పి పంపిందట, పిల్ల జుట్టు కత్తిరించొద్దు, నేనొచ్చి చూసుకుంటా అని.

మొదటి రోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి నా మెట్టు మీద వదిన కూర్చుని ఉంది. నాయనమ్మ తడి చేతులతో ఆ పొడవాటి జుట్టును పాయలు పాయలుగా విడదీస్తోంది. నేను సంచి అక్కడే పడేసి నిలబడ్డాను. నాయనమ్మ తలెత్తి, "జరసేపు ఆగు బిడ్డా, దీనిది అయిపోంగనే నీది" అంది. ఆ జరసేపు ఎప్పటికీ అయ్యేది కాదు. చలికాలం పొద్దు, ఇట్టే కుంగేది. వదిన జడ కొస ముడి పడేసరికి లోపల అమ్మ దీపం బుడ్డి తుడుస్తున్న చప్పుడు వినపడేది. అప్పుడు నన్ను గబగబా కూర్చోబెట్టి, పొడి జుట్టు మీదే ఇంత నూనె రాసి, నాలుగు దువ్వులు దువ్వి, జడ అల్లి లేపేసేది. చెంబులో నీళ్లు ముట్టేది కూడా కాదు. కొన్నాళ్లకు నా జుట్టు మళ్లీ పీచయింది. వదిన జుట్టు మాత్రం బొగ్గు ఊరి మసి వదిలి, నల్లగా నిగనిగలాడడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే నన్ను మండించింది నూనె. మాకు రోజువారీ వాడకానికి కొబ్బరి నూనె ఉండేది. అది కాక, వెడల్పు మూతి గాజు సీసాలో ఇప్పనూనె ఒకటి గూట్లో ఉండేది. అడవిలో ఊళ్లనుంచి సంతకు వచ్చే ఒక కోయ అవ్వ, ఎండిన సొరకాయ బుర్రలో పోసి తెచ్చేది. ఇప్పగింజలు వానలు మొదలయ్యేప్పుడు దొరుకుతాయి, అప్పుడు ఆడించిన నూనె ఏడాదంతా సరిపెట్టుకోవాలి. వదిన జుట్టు కొసలు చిట్లి ఉన్నాయని నాయనమ్మ ఆ సీసా దించింది. ఆమెకు ఇప్పనూనె, నాకు కొబ్బరి నూనె. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. దాని జుట్టు మెరుపంతా ఆ సీసాలోనే ఉందని, ఆ మెరుపు నాకు రావలసిందని నేను తీర్మానించుకున్నాను.

ఆ రెండు నెలల్లో నేను చేసిన వెధవ పనులకు లెక్క లేదు. సాయంత్రం దువ్వెన దాచేదాన్ని. సరిగ్గా వదిన కూర్చునే వేళకు నాకు కడుపునొప్పి వచ్చేది. నిద్రపోతున్నట్టు పడుకుని ఓరకంట చూస్తూ, ఆమె తలలో నాయనమ్మ చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో చూసుకునేదాన్ని. వదినను కూడా మా బడిలోనే వేశారు, అక్కడ టీచరమ్మ ఒకసారి ఆమె జడ పట్టుకుని, జుట్టంటే ఇట్లా ఉండాలి అని అందరికీ చూపించింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. వదిన తిరిగి ఒక్క మాటంటే బాగుండేది, నాకూ పోట్లాడడానికి ఒక దారి దొరికేది. ఆమె మాత్రం దాచిన దువ్వెన వెతికి తెచ్చి నాయనమ్మ చేతికిచ్చి, "ముందుగాల దాని తల దువ్వు అమ్మమ్మా" అనేది. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు ఇంకా మండేది.

ఇక పుష్యమాసం చలిలో ఒక ఆదివారం. మిరపకాయలు కోసి కల్లంలో ఎండబోశారు. రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి ఇంటిల్లిపాదీ పొద్దున్నే కల్లానికి పోయారు. నేను వెనక వస్తానని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. పీట వేసుకుని గూట్లో సీసా దించాను. చలికి ఇప్పనూనె నెయ్యిలా పేరుకుని ఉంది. నాయనమ్మ దాన్ని వాడే ముందు ఎండలో పెట్టి కరిగించేది, చూశాను కూడా. కానీ దొంగతనానికి వచ్చినవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది. వేళ్లతో ముద్దలు ముద్దలుగా తోడి, పొడి తలకు, ఎక్కడ పడితే అక్కడ పులిమాను. సీసాలో సగానికి పైగా ఉన్నదంతా అడుగుకు వచ్చింది. దువ్వెన దిగలేదు. ఎట్లాగో రెండు జడలు పెనవేసి అద్దంలో చూసుకుంటే నిజంగానే మెరుస్తోంది. ఇంక ఆగుతానా, వదిన కళ్లు కుట్టాలని సరాసరి కల్లానికి బయల్దేరాను.

మిరపకల్లం గురించి తెలిసినవాళ్లు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. ఎర్రటి కాయల కుప్పలు, వాటిని తిరగేస్తుంటే లేచే ఘాటు, గాలికి ఎగిరే గింజలు, పొట్టు. ఆడవాళ్లందరూ తలకు ముక్కుకు గుడ్డలు కట్టుకుని పనిచేస్తున్నారు. నేను మాత్రం జుట్టు కనపడాలి కదా, గుడ్డ కట్టకుండా పోయి వదిన పక్కనే కుప్ప ముందు కూర్చున్నాను. ఆమె నా తల వైపు చూసి మళ్లీ కాయలు ఏరుకోసాగింది. పొద్దెక్కేకొద్దీ ఎండకు నూనె మెల్లగా కరిగింది. మెడ మీదికి, చెవుల వెనక్కి కారడం మొదలైంది. ఎగిరే కారమంతా వచ్చి దానికి అంటుకుంది. ముందు దురద అనుకుని గోకాను. ఆ చేత్తోనే కళ్లు నలుపుకున్నాను. ఇంక నెత్తి మీద నిప్పులు పోసినట్టే.

ఏడుస్తూ పరుగెత్తి, గొడ్లు నీళ్లు తాగే తొట్టిలో తల ముంచాను. అంతకన్నా తప్పు పని ఇంకొకటి లేదు. ఆ చన్నీళ్లకు నూనె మళ్లీ గడ్డకట్టి, కారాన్నీ గింజల్నీ జుట్టుతో కలిపి అట్టలా బిగించేసింది. అమ్మ నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. చేను పని ఆగిపోయిన కోపం, నా ఏడుపు, ఖాళీ అయిన సీసా, అన్నీ కలిసి ఆమెకు ఒక్కటే దారి కనపడింది. "రేపు భద్రాచలం పోయేటోళ్లున్నరు. తీస్కపోయి గుండు గీయించుకొస్త. మొక్కు ఉండనే ఉన్నది, పీడా పోతది" అంది.

గుండు అంటే అవమానమని కాదు నేను వణికింది. తిరిగి జుట్టు పెరగడానికి ఏడాది పడుతుంది. ఏడాది పాటు నాకు మెట్టు మీద పని ఉండదు. గుండుకు జడ ఎవరు వేస్తారు? ఆ మెట్టు మొత్తంగా వదినదైపోతుంది, నా చేతులారా నేనే రాసిచ్చినట్టవుతుంది. కళ్లు మండుతున్నా ఆ ఒక్క సంగతి నాకు బాగా కనపడింది. నాయనమ్మ కాళ్లు పట్టేసుకున్నాను.

నాయనమ్మ నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. "ఒక్క పూట నాకు ఇడువు, రేపటి సంగతి రేపు" అని అమ్మను పంపేసింది. ముందు చిక్కటి మజ్జిగ మాడుకు పట్టించింది. మంట కొంచెం తగ్గాక కొబ్బరి నూనె వెచ్చచేసి, పేరుకున్న చోటల్లా పోసి, మెత్తబడ్డాక శనగపిండి రుద్ది గోరువెచ్చని నీళ్లతో కడిగింది. నూనెను నూనెతోనే వదిలించాలని ఆ రోజే తెలిసింది. కానీ గింజలు వదల్లేదు. అప్పుడు వదిన వచ్చి ఎండలో నా వెనక కూర్చుంది. ఒక్కో పాయ తీసుకుని, ఒక్కో మిరపగింజా వేళ్లతో లాగి పక్కన పెట్టింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అదే పని. చివరికి ఆమె వేళ్లు ఎర్రబడ్డాయి. పొరపాటున ఆ చెయ్యి తన కంటికి తగిలింది. నాయనమ్మ నన్ను వదిలేసి ఆమె ముఖం ఒళ్లోకి తీసుకుని, కన్ను కడిగి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

నిజం చెప్పమంటారా? నా కోసం వేళ్లు కాల్చుకున్న పిల్లను చూసి అప్పుడు కూడా నాకు కుళ్లే వచ్చింది. నా కన్ను ఎవరూ ఊదలేదని.

కొసలు ఒక జానెడు కత్తిరించాల్సి వచ్చింది గానీ గుండు తప్పింది. మర్నాడు సాయంత్రం నేను మెట్ల దగ్గరికి పోతే నాయనమ్మ వేళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. మిరపకాయలు ఏరి ఏరి వేళ్లు నొస్తున్నాయని, రెండు తలలు దువ్వడం తనవల్ల కాదని అంది.  ఒక తలే అంటే ఎవరి తలో నాకు తెలుసు కదా. అప్పుడామె వదినను అట్టడుగు మెట్టు మీద కూర్చోమంది. నన్ను నడిమి మెట్టు మీద, వదిన వెనక కూర్చోమంది. తను నా వెనక పై మెట్టు మీద కూర్చుంది. "నేను నీ తల చూస్త. నువ్వు దాని తల చూడు. నేను ఎట్ల చేస్తే నువ్వు అట్ల చెయ్యి. దీపం పెట్టేలోపల రెండూ అయిపోవాలె" అంది.

అట్లా మొదలైంది. నాయనమ్మ చెయ్యి చెంబులో ముంచి నా జుట్టు మీద తడి చల్లేది, నేను వదిన జుట్టు మీద చల్లేదాన్ని. కారేంత తడి కాదు, తాకితే చల్లగా తెలిసేంత. తర్వాత నా వెనక తన అరచేతిలో నాలుగు చుక్కల నూనె పోసుకుని, సీసా వంచి నా అరచేతిలో నాలుగు చుక్కలు పోసేది. చేతులు రెండూ రుద్దుకుని నూనె వెచ్చబడ్డాక ముందు కొసలకు రాయాలి, ఆ తర్వాతే మెల్లగా పైకి రావాలి. కొసలే ముసలివి, వాటికే దప్పిక ఎక్కువ అనేది. చిక్కు కూడా కింది నుంచే తీయాలి. నేను తొందరపడి పైనుంచి దువ్వితే, అదే క్షణం నా తలలోనూ దువ్వెన పైనుంచి దిగి చుర్రుమనేది. నేను వదిన తల ఎట్లా చూస్తే నా తల అట్లా చూడబడేది. రెండు రోజుల్లో నా చెయ్యి దానంతట అదే మెత్తబడింది. "నీళ్లు తాగిపిచ్చి నూనెతోని మూత పెట్టాలె. ఉత్త నూనె పూస్తే మూత పెట్టిన ఖాళీ కుండ" అని ఒకసారి అంది. నేను కల్లానికి మోసుకుపోయింది ఆ ఖాళీ కుండనే.

కుళ్లు పోయిందా అంటే, పోలేదు. చోటు మారింది. బడిలో ఎవరైనా వదిన జడ పట్టుకుంటే నాకు మండుకొచ్చేది. అది నేను వేసిన జడ. పొద్దుటి దాకా ఒక్క వెంట్రుక రేగకుండా ఉండేలా నేను చూసుకున్న జుట్టు. టీచరమ్మ మెచ్చుకుంటే, వేసింది నేనని చెప్పేదాకా ఊరుకునేదాన్ని కాదు. నాయనమ్మ మీద కూడా ఒక మంట మిగిలే ఉంది. ఆమె నా అరచేతిలో పోసే సీసా ఇప్పనూనె సీసాయే. అడుగున మిగిలిందంతా వదిన జుట్టుకే అనుకున్నాను. మరి నా జుట్టుకు ఏం పోసుకుంటోందో, నా వెనక కూర్చుంది కాబట్టి నాకు కనపడదు.

మాఘం చివర ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, నాకు ఇంకా ఆ కొబ్బరి నూనేనా అని. నాయనమ్మ చాలాసేపు నవ్వింది. "ఏ ఇప్పనూనె? నువ్వు నెత్తికి పూసుకున్ననాడే అయిపాయె గద. అడుగున సీసాకు అంటుకున్న దాన్ల కొబ్బరినూనె కలిపిన. గప్పటిసంది ఇద్దరికీ గదే" అంది. ఆ వాసనతో నన్ను నెల రోజులు నడిపించింది. నేను చెయ్యి వెనక్కి పోనిచ్చి నా జడ పట్టుకుని చూసుకున్నాను. పీచు లేదు. మెత్తగా, బరువుగా ఉంది. నేను సీసాను చూసి ఏడుస్తున్నన్నాళ్లూ నాకు దక్కనిది నూనె కాదు, చెంబులో నీళ్లూ, ఒక గంట పొద్దూ. వదిన వెనక్కి తిరగకుండానే, "నాకు ఎరికే" అంది. నేను కోపంతో ఆమె జడ కొంచెం బిగించి వేశాను.

ఇప్పపూలు రాలే రోజుల్లో అత్తకు నయమైందని కబురొచ్చింది. మామయ్య ఆమెను బస్సులో తీసుకొచ్చాడు. వదిన పరుగెత్తుకెళ్లి మెడకు చుట్టుకుంటుందని అందరం అనుకున్నాం. ఆమె రెండడుగుల దూరంలో ఆగిపోయింది. అత్త జుట్టంతా రాలిపోయి, చిటికెన వేలంత జడ మిగిలింది. అత్త సిగ్గుపడి కొంగు తల మీదికి లాక్కుంది. పొద్దు ఇంకా ఉంది. వదిన లోపలికి పోయి పీట తెచ్చి, అడుగు మెట్టు కింద నేల మీద వేసి, తల్లిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం నలుగురం వరసగా కూర్చున్నాం. పైన నాయనమ్మ, తర్వాత నేను, తర్వాత వదిన, అందరికంటే కింద పీట మీద అత్త. నాయనమ్మ మూడు అరచేతుల్లో నూనె పోసింది. వదిన నీళ్లు చల్లి, పలచటి కొసల నుంచి మొదలుపెట్టి, నేను ఆమెకు ఎట్లా చేసేదాన్నో అచ్చం అట్లాగే చేసింది.  నా తలలో నాయనమ్మ వేళ్లు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయాయి. నేను తల ఎత్తి చూస్తే ఆమె నన్ను చూడడం లేదు. నా మీదుగా, వదిన మీదుగా, తన కూతురి తలను చూస్తోంది. ఇన్ని నెలలూ ఆమె వేళ్లు వెతుక్కున్నది ఆ తలనేనని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఒక్క సాయంత్రం నాకు కుళ్లు రాలేదు.

మర్నాడు వాళ్లు ముగ్గురూ కొత్తగూడెం వెళ్లిపోయారు. నేను కోరుకున్నదంతా నాకు తిరిగి దక్కింది. ఆ సాయంత్రం పోయి నడిమి మెట్టు మీద కూర్చున్నాను. నాయనమ్మ నా తల తడిపి, సీసా వంచి, అలవాటుగా నా అరచేతిలో కూడా నాలుగు చుక్కలు పోసింది. పోశాక ఇద్దరం ఆ చేతి వైపు చూశాం. నా ముందు మెట్టు ఖాళీగా ఉంది. రుద్దుకున్న చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆమె జడ వేయడం అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాను.

వదిన ఇప్పుడు అమ్మమ్మ అయింది. కలిసినప్పుడల్లా నా కళ్లు ముందు ఆమె జడ మీదికే పోతాయి. ఇప్పటికీ ఆమె జుట్టే ఒత్తు, ఇప్పటికీ నాకు కుళ్లే. నా తల నెరిసింది, పలచబడింది, నాలుగు చుక్కలకు మించి అక్కర్లేదు. అయినా రోజూ పొద్దు ఉండగానే చెంబు, సీసా, దువ్వెన పెట్టుకుని కూర్చుంటాను. తడి చల్లుకుంటాను. సీసా వంచితే మాత్రం నా చెయ్యి ఈనాటికీ రెండు తలలకు సరిపడా పోస్తుంది.